మా బావ సైకిళ్ళూ, బెజవాడ మహాసభా

మొన్న మా మనవరాలు ఢిల్లీలో సైకిలు తొక్కేవాళ్ళ జాతీయ సదస్సు ఏదో జరిగితే దానికి వెళ్ళొచ్చి, మెడలో పేరు రాసిన బిళ్ళ అలాగే వేలాడుతుండగా నా మంచం పక్కన కూర్చుని, దేశం నలుమూలల నుంచీ ఎంతమంది వచ్చారో, నగరాల్లో సైకిళ్ళకు వేరే దారులు వెయ్యాలని ఎంత గట్టిగా అడిగారో చేతులు తిప్పుతూ చెబుతుంటే, నేను ఉండబట్టలేక, అలాంటి సభకు నేనూ వెళ్ళానే తల్లీ, మీ నాన్న పుట్టకముందే, అన్నాను. అది పకపకా నవ్వింది. తాతయ్యకు చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది. ఈ కాలం పిల్లలకు ఆ రోజుల సంగతి మొదటి నుంచి చెప్పాలంటే నా వల్ల అయ్యే పని కాదు. మన ఈడువాళ్ళైతే సగం చెప్పగానే మిగతా సగం అందుకుంటారు కనుక మీతోనే చెప్పుకుంటున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నాకింకా మీసం సరిగా మొలవలేదు గానీ కోదాడ బడిలో పంతులు ఉద్యోగం దొరికింది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునన్న పేరు కూడా దొరికింది. మా అక్కను సూర్యాపేటలో ఇచ్చారు. బావది కిరాయి సైకిళ్ళ దుకాణం. డజను సైకిళ్ళుండేవి, అన్నీ నల్లవే, పొద్దున్నే వాటిని వరసగా నిలబెట్టి నూనెగుడ్డతో తుడిచి, మడ్‌గార్డులమీద తెల్లరంగుతో రాసిన నంబర్లు మెరిసేదాకా రుద్ది, అప్పుడు గానీ ఆయన చాయ తాగేవాడు కాదు. మా అక్క దెప్పేది, పెళ్ళైనప్పటి నుంచీ నన్నొక్కనాడైనా అంత పట్టిపట్టి చూశాడా ఈ మనిషి, అని. పల్లెల నుంచి వచ్చి సైకిలు కిరాయికి తీసుకునే రైతులు పూచీగా తమ తలరుమాలు విప్పి అక్కడ పెట్టి వెళ్ళేవారు. గోడకు కొట్టిన మేకులకు రంగురంగుల రుమాళ్ళు వేలాడుతుంటే ఆ దుకాణంలోకి అడుగుపెట్టిన కొత్తవాళ్ళు ఇది బట్టల కొట్టేమోనని వెనక్కి తిరిగిన సందర్భాలున్నాయి. రుమాలు పెట్టి పోయినవాడు సైకిలుతో పారిపోయాడన్న మాట నేను వినలేదు. బోడితలతో ఊళ్ళోకి పోతే పరువు ఏం కావాలి?

రజాకార్ల పీడ పోయింది, ఇక ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాం గదా మనమంతా. పీల్చుకోనిచ్చారా? అడవుల్లో ఉన్న కమ్యూనిస్టు దళాలవాళ్ళకు కబుర్లు సైకిళ్ళమీదే పోతున్నాయని ఎవరో చెప్పారట, ఊరి చివర గుడారాలు వేసుకున్న మిలిటరీ క్యాంపువాళ్ళు ఒక మధ్యాహ్నం లారీతో వచ్చి దుకాణంలో ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పడేసుకుని, దారిలో కనబడ్డవి కనబడ్డట్టు గుంజుకుని పోయారు. బావవి ఒక్కటి మిగల్లేదు. కిరాయికి తీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఒక్కొక్కరే బోడితలలతో నడిచి వచ్చి, తల దించుకుని దుకాణం ముందు నిలబడితే, బావ ఎవరినీ ఒక్క మాట అనకుండా ఎవరి రుమాలు వారికిచ్చి పంపించేశాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడని అక్క చెప్పింది.

ఆ తరువాత వానలు. క్యాంపు ముళ్ళకంచె వెనక, ఏ పైకప్పూ లేని చోట, చుట్టుపట్ల ఊళ్ళ సైకిళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి పడేసి ఉండేవి. బావ రోజూ పొద్దున్నే కంచె దాకా పోయి, సెంట్రీ కసిరేదాకా నిలబడి, తుప్పు ఎంత పట్టిందో చూసుకుని వచ్చేవాడు. నేను సెలవురోజున వెళితే నన్నూ తీసుకుపోయాడు. చూసి ఏం చెయ్యగలం? అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు, తెలిసినా వాళ్ళ భాష మనకు రాదు, వచ్చినా వినేవాడు లేడు. బావ మాత్రం, నడుమనున్నదానికి చైను ఊడిపోయిందని బాధపడుతూ ఇంటికి నడిచేవాడు.

అప్పుడు దిగాడు మిర్యాలగూడ నుంచి మా మేనమామ. ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా, పేపరు చదివే అలవాటున్నవాడు, లోకంలో తనకు తెలియనిది లేదనుకునేవాడు. బెజవాడలో దేశం మొత్తంమీద సైకిలు తొక్కేవాళ్ళ మహాసభ జరగబోతోందని, మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ పెద్దమనుషులు వస్తున్నారని, కష్టాలు చెప్పుకోవచ్చని మోసుకొచ్చాడు. నైజాము రోజులు చూసిన మనకు ఒక్క సంగతి బాగా తలకెక్కింది గదా: ఎంత చిన్న పనైనా నేరుగా పోయి అడిగితే కాదు, అడిగినవాడి పైవాడి చేత ఒక మాట చెప్పించాలి. తహశీలులో నకలు కావాలన్నా, బడిలో పిల్లవాణ్ణి చేర్చాలన్నా సిఫారసే. మామయ్య ఆ మార్గంలో పండిపోయినవాడు.

"పెద్దోళ్ళ నోట ఒక్క మాట పడితే సాలు, ఈ క్యాంపోళ్ళు ఏం జేస్తరు? సిఫారసు లేకుండ ఎన్నడన్న పనైందా మన దిక్కు?" అన్నాడు.

బావ కళ్ళల్లో ఎన్నాళ్ళకో వెలుగు కనబడింది. ఊరు దాటాలంటే పాసు కావాలి, దానికోసం నాలుగు రోజులు తిరిగాడు. ఇంగ్లీషులో చెప్పడానికి నేను, తోవ చూపడానికి మామయ్య, గోడు వెళ్ళబోసుకోవడానికి బావ, ముగ్గురం కోదాడలో కలుసుకుని బొగ్గు బస్సెక్కాం. ఆ బస్సులు గుర్తున్నాయా? వెనకాల డ్రమ్ములో బొగ్గు రాజేసి, క్లీనరు చక్రం తిప్పి తిప్పి అలిసిపోతే గానీ కదిలేవి కావు, ఎత్తు వస్తే దిగి తొయ్యమనేవారు. మేము బెజవాడలో దిగేసరికి ముగ్గురి మొహాలూ బొగ్గుకొట్టు గుమ్మాల్లా ఉన్నాయి. కాలవలో కడుక్కుని వెళ్ళాం.

సభ అంటే సభ! పందిరి, మామిడాకు తోరణాలు, మైకు. బయట చెట్లకింద వందలకొద్దీ సైకిళ్ళు, ఎండలో తళతళా మెరుస్తూ. అంతే, మా బావ పందిట్లోకి రానేలేదు. ఒక్కొక్క సైకిలు దగ్గరే ఆగి, టైరు నొక్కి చూసి, గంట తట్టి, పెడలు ఒక చుట్టు తిప్పి, ఎన్నాళ్ళకో పుట్టింటివాళ్ళను చూసిన ఆడబిడ్డలాగా తిరుగుతుంటే, వాలంటీరు ఒకడు వచ్చి, "ఏమయ్యోయ్, అక్కడ నీకేం పని?" అని గదమాయించాడు.

"ఏం లేదయ్యా, గాలి తక్కువున్నది, జర సూస్తున్న," అన్నాడు బావ, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని. నేను వెళ్ళి మేమూ సభకే వచ్చామని చెబితే, మీ సైకిళ్ళేవీ అని అడిగాడు ఆ కుర్రవాడు. మర్నాడు పొద్దున ఊరేగింపు తీశారు. వచ్చినవాళ్ళంతా సైకిళ్ళమీద జెండాలు కట్టుకుని బారులు తీరి వెళుతుంటే, డజను సైకిళ్ళ ఆసామి దుమ్ములో వెనకాల నడిచాడు. జనం నవ్వారు. మామయ్య మాత్రం ఊరేగింపు తనకోసమే తీసినట్టు అటూ ఇటూ చెయ్యూపుతూ నడిచాడు.

పందిట్లో అంతా ఇంగ్లీషు. దీపం లేకపోతే జరిమానా వెయ్యడం గురించి, సైకిలు పన్ను గురించి, మోటార్లవాళ్ళ జులుం గురించి గంటలకొద్దీ మాట్లాడారు. న్యాయమైన మాటలే, కాదనను. బావ మాత్రం ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెప్ప వాల్చకుండా విని, మన సంగతెప్పుడని నా మోచెయ్యి పొడుస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి బతిమాలి బామాలి కాస్త సమయం సంపాదించాం. బావ మైకు ముందు నిలబడి, తన సైకిళ్ళు వానలో తడుస్తున్నాయని, వాటిమీద ఎవరి కబురూ ఎప్పుడూ పంపలేదని, అవి లేకపోతే పొయ్యి వెలగదని, మన మాటలో చెబుతూ చెబుతూ భోరుమన్నాడు. నేను నా బడి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఏడుపు ఇంగ్లీషులోకి ఎక్కడొస్తుంది? అయినా పందిరి మొత్తం చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు, తెల్లజుట్టు పెద్దమనిషి, లేచి వచ్చి బావ భుజంమీద చెయ్యేసి, ఇది సభ పరిధిలోది కాదు గానీ, రేపు తనకు తెలిసిన పెద్దవాళ్ళు వస్తున్నారు, వాళ్ళతో మాట్లాడతానని అన్నాడు.

"పనైంది బామ్మర్దీ! అంతమంది సప్పట్లు గొట్టినంక ఇగ కాకుండ ఎట్లుంటది?" అన్నాడు బావ. నాకు నమ్మకం లేదు, కానీ ఆ మొహం చూస్తూ ఆ మాట అనగలనా? ఆ రాత్రికే బయలుదేరదామని నేనంటే, పెద్దమనిషి మాట్లాడేదాకా కళ్ళముందుండాలి, లేకపోతే మరిచిపోతాడని మామయ్య ఆపాడు. మర్నాడంతా ఆయన బస ముందు అరుగుమీద కూర్చున్నాం. వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు. చీకటి పడ్డాక ఆయన బయటికొచ్చి మమ్మల్ని గుర్తుపట్టి, తలూపి, కారెక్కాడు. ఆ తలూపడంతో పని అయినట్టే లెక్క వేశాడు మామయ్య.

తెల్లవారి బస్సులో కోదాడ చేరేసరికి, నా బడిలో చదివే పిల్లవాడి తండ్రి ఎదురొచ్చి, "సార్, సూర్యాపేట క్యాంపుల సైకిళ్ళు ఇచ్చేస్తున్నరంట, మా తమ్ముడు నిన్న తెచ్చుకున్నడు," అన్నాడు. మామయ్య తొడ చరిచి, చూశారా సిఫారసంటే ఏమిటో అని బస్సంతా వినబడేట్టు అరిచాడు. బావ చేతులెత్తి తూర్పుదిక్కుకు, బెజవాడ వైపు, దండం పెట్టాడు. నేను కూడా, దాచడమెందుకు, పిచ్చివాడిలా నవ్వాను. కోదాడలో దిగాల్సినవాణ్ణి దిగకుండా వాళ్ళతోపాటు సూర్యాపేట పోయాను.

దుకాణం తలుపు ముందు మా అక్క నేలమీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

మేము బస్సెక్కిన రోజు సాయంత్రమే డప్పు చాటింపు వేశారట: ఎవరి సైకిలు వారు ఎల్లుండి ఊరి పటేలును వెంటబెట్టుకుని స్వయంగా హాజరై తీసుకుపోవాలి, ఆ రోజు రానివాళ్ళవి దళాలవాళ్ళవిగా లెక్క. బెజవాడలో మేమెక్కడున్నామో ఎవరికి తెలుసు? పాసు లేకుండా అక్క ఎవరిని పంపుతుంది? తానే వెళ్ళింది.

"నిన్న పొద్దంత గాడనే నిలవడ్డ తమ్మీ. ఇది మాది, గది మాదని ఏలు వెట్టి సూపిచ్చిన. పటేలు గూడ చెప్పిండు. ఆడిదానికియ్యం, మొగోన్ని తోల్కరమ్మన్నరు. యాడికెల్లి తోల్కరావాలె? నా కండ్లముందే లారీల ఏసుకుని పోయిండ్రు."

బావ క్యాంపుకు పరుగెత్తాడు. వెనకాల నేను. కంచె లోపల బురదలో చక్రాల గుర్తులు తప్ప ఏమీ లేవు. సెంట్రీ కసరలేదు, కాపలా కాయడానికి అక్కడేముందని! ఆ లారీ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు, మిగతా ఊరివాళ్ళందరివీ వచ్చాయి, మా బావవి రాలేదు. పైగా ఆ రోజు ఎందుకు హాజరు కాలేదో చెప్పమని పిలిపించి, నమ్మకం కుదరక, కొన్ని నెలలపాటు రోజూ పొద్దున్నే వచ్చి కనబడి పొమ్మన్నారు. కనబడి వచ్చేవాడు. నాకు తెలిసినవాళ్ళందరినీ అడిగాను, ఎక్కని గుమ్మం లేదు. ఎక్కడికి పోయినా ఒకటే మాట, ఆ రోజు ఎందుకు రాలేదు?

బావ అదే దుకాణంలో ఉప్పూ పప్పూ పెట్టుకుని బతికాడు. మళ్ళీ ఒక్క సైకిలు కొనలేదు. ఇవాళ ఆ దుకాణం ముందు రోడ్డు ఎంత వెడల్పయిందంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటాలంటే నాలాంటివాడికి ఇంకొకరి చెయ్యి కావాలి. ప్రతి ఇంటి మెట్లకింద ఒక సైకిలు గాలి లేకుండా పడి ఉంటుంది, అడిగేవాడు లేడు, గుంజుకునేవాడు లేడు, పాసు అంటే పిల్లలకు పరీక్ష పాసే. మంచిదే. తొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని రోజులొచ్చాయి, తొక్కేవాళ్ళు తగ్గిపోయారు, అంతే.

బావ దవాఖానలో ఉన్న చివరి రోజుల్లో వెళ్ళి చూస్తే, నా చెయ్యి పట్టుకుని, "బామ్మర్దీ, ఆ పెద్దమనిషి మాట్లాడిండు. మాట్లాడకపోతే ఊరందరివి ఎట్ల ఇస్తరు? నా మాటకే గద ఇచ్చిండ్రు. మనయి పోతే పోయినయి తియ్," అన్నాడు. ఆయన మైకు ముందు నోరు తెరవక ముందే ఇక్కడ డప్పు మోగిందని నాకు తెలుసు, అక్కకు తెలుసు. ఇన్నేళ్ళూ మా ఇద్దరిలో ఎవరూ ఆ రోజులు ఆయన ముందు లెక్కపెట్టలేదు. అవును బావా, నీ మాటకే, అన్నాను. ఇంకేమనగలను?