గుమ్మం ముందు చెప్పులు

మదనపల్లెలో మా యోగా టీచరమ్మ క్లాసు చెప్పుల దగ్గరే మొదలయ్యేది. మేము గుమ్మం ముందు విడిచిన చెప్పులను ఆమె ఒక్కొక్కటే చేత్తో తిరగేసి, మడమ ఎటు అరిగిందో చూసేది. ఆడమనిషి మా చెప్పులు ముట్టుకుంటుంటే మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం. ఎవరు ఏ కాలి మీద బరువు వేస్తారో ఆమెకు అక్కడే తెలిసిపోయేది.

మైసూరులో ఆమె గురువు మొదటి మూడు నెలలూ నిలబడడం తప్ప ఇంకేమీ నేర్పలేదట. నాకంత ఓపిక ఎక్కడిది? మార్కెట్ యార్డులో టమాటా బాక్సులు ఎత్తి ఎత్తి నడుము పట్టేస్తే చేరినవాణ్ణి. అయినా పంతానికి పోయి, ఒకరోజు నడుము లాగుతున్నా వంగి కాలివేళ్లు పట్టుకున్నాను. ఆమె మెచ్చుకోలేదు. నా చేతుల కింద రెండు చెక్క దిమ్మెలు పెట్టి, "యాలప్పా తొందర? నేల యాడికీ పోదు. ఊపిరి యాడుండాదో సూసుకో" అంది. చూసుకుంటే, అంతసేపూ బిగబట్టే ఉన్నాను.

ఆమె కుప్పానికి మకాం మార్చే ముందు, ఆఖరి క్లాసు అయ్యాక నేనే ముందు బయటికొచ్చాను. ఏమనుకున్నానో, వంగి ఆమె చెప్పులు తిరగేశాను. ఎడమ మడమ ఒక పక్కకు బాగా అరిగిపోయి ఉంది.

తలెత్తేసరికి ఆమె గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

"కనిపెట్టేసినావా? నిలబడేది నేనింగా నేర్చుకుంటానే ఉండానప్పా."