కుడికి లాగే కారు

మా పూర్ణచంద్రరావు మావయ్యకి ఉన్న పిచ్చి ఒక్కటే. తన పాత అంబాసిడర్‌ని మెకానిక్‌కి అప్పగించడు. అత్తయ్యని పుట్టింటికైనా పంపుతాడు గానీ కారుని షెడ్డుకి పంపడు.

దాని ముందు చక్రాల దగ్గరుండే బుష్‌లూ బాల్ జాయింట్లూ ఎప్పుడో అరిగిపోయాయి. స్టీరింగ్ తిప్పాక ఆ కబురు చక్రాలకి చేరడానికి టైం పడుతుంది. గూడూరులో మలుపు తిరగాలంటే అంతకు ముందూరు సుల్తాన్‌నగరం దగ్గరే తిప్పడం మొదలుపెట్టాలి. పైగా బండి కుడివైపు కుంగి, ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంది. తిన్నగా వెళ్ళాలంటే మావయ్య స్టీరింగ్‌ని ఎడమకి పట్టుకుని వేలాడాలి. బందరు రోడ్డు మీద లారీవాళ్ళు ఈ బండిని దూరం నుంచే గుర్తుపట్టి పక్కకి దిగిపోతారు.

"ఆ బాల్ జాయింట్లు మార్పించకూడదూ?" అన్నాను ఓసారి.

"కొత్త కారు స్టీరింగ్ వేలితో తిరుగుతుందిరా. అందులో నడిపేవాడి గొప్పేముంది?"

"చేతులు లాగేస్తున్నాయని రోజూ అత్తయ్య చేత బామ్ రాయించుకుంటున్నావట గదా?"

"అది దాంపత్యం. నీకు తెలీదులే."

కారు కుడికి లాగడం దిష్టి వల్లేనని ఇందిరత్తయ్య నమ్మకం. బంపర్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. ఎలాగూ కడుతున్నావు గదా, ఎడమవైపు నాలుగు ఎక్కువ కట్టు, బరువు సరిపోతుంది అన్నాడు మావయ్య.

కిందటేడు ఆయన షష్టిపూర్తికి పిల్లలందరం కలిసి ఓ కుట్ర పన్నాం. పీటల మీద కూర్చున్నవాడు మధ్యలో లేవకూడదు కదా. పంతులుగారు సంకల్పం చెప్పిస్తుండగా నేను తాళాలు పట్టుకెళ్ళి బండి స్టార్ట్ చేశాను. ఆ చప్పుడు విని మావయ్య పీట మీదే ఎగిరిపడ్డాడు.

"ఒరే లోహిత్, నా బండి ఎక్కడికిరా?"

"దిక్కులు చూడకండి బాబూ, మమ అనండి," అన్నారు పంతులుగారు.

"మమ. తాళాలు అక్కడ పెట్టరా. మమ."

మెకానిక్ జీవరత్నం ముందు భాగమంతా విప్పి, అరిగినవన్నీ పారేసి కొత్తవి వేశాడు. కుంగిన పక్కని పైకెత్తి, ఎలైన్‌మెంట్ చేసి సాయంత్రానికి ఇచ్చాడు. స్టీరింగ్ వదిలేసినా బండి గీత గీసినట్టు పోతోంది. మావయ్య ఓ రౌండు తిప్పి వచ్చి, "పీటల మీద కూర్చోబెట్టి కొంప ముంచార్రా," అని లోపలికెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు ఆయన పొలానికి బయల్దేరితే, మా ఘనకార్యం చూసుకుందామని నేనూ వెనక సీట్లో ఎక్కాను. బందరు కోనేరు సెంటర్లో బండి ఆగింది. గిలకలదిండి రేవులో చేపలు కొని, తట్టతో నిలబడి ఉన్న ఓ పెద్దావిడ, అడక్కుండానే తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. పేరు అంకమ్మట. గూడూరులో చేపలు అమ్ముకుంటుంది. రోజూ ఈ కారులోనే వెళ్తుందని నాకు అప్పుడే తెలిసింది.

సుల్తాన్‌నగరం దాటాక ఆవిడ మావయ్య చేతుల వంక అనుమానంగా చూసింది.

"అన్నయ్యగారూ, బండి తిన్నగా పోతుందేంటండీ?"

"కొత్త సామాన్లు వేయించామండీ," అన్నాను గర్వంగా. "ఇక ఏ పక్కకీ లాగదు."

అంకమ్మ తట్టని దగ్గరికి లాక్కుంది.

"అయితే రేపట్నించి నాతో పని లేదన్నమాట. ఎడమపక్క బరువు లేకపోతే బండి కాలవలోకి పోద్దని ఆయన బతిమాలితే ఎక్కుతున్నానండి. ఊరికే ఎక్కి కూచోడానికి నాకేం ఖర్మ? నా దారిన నేనొస్తాలెండి."

గూడూరులో ఆవిడ దిగిపోయాక మావయ్య బండి కదిలించలేదు.

"చేపల తట్ట చూస్తే బస్సు ఆపర్రా. ఆటోవాళ్ళు వాసనంటారు. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని సగం దూరం నడిచేది. ఎక్కమ్మా అంటే ఎక్కేది కాదు. నాకు కాస్త సాయం చెయ్యమ్మా అంటే ఎక్కింది. ఆ సాయం కాస్తా మీరు మెకానిక్ చేత పీకించేశారు."

ఇన్నాళ్ళూ ఇదంతా ఈయన పిచ్చి అనుకున్నాం. కాళ్ళకి దండం పెట్టాలనిపించింది గానీ, పెడితే తన్నేలా ఉన్నాడు.

"పాతవి మళ్ళీ వేయించనా?" అన్నాను మెల్లగా.

"నోరు మూసుకుని రేపు కూడా రా," అన్నాడు.

మర్నాడు మా అంబాసిడర్ కోనేరు సెంటర్లోకి తూలుకుంటూ వచ్చింది. అరటిపళ్ళతను తోపుడుబండిని వెనక్కి లాక్కున్నాడు. మావయ్య స్టీరింగ్‌తో కుస్తీ పడుతూ వచ్చి అంకమ్మ ముందు ఆపి, లేని చెమట తుడుచుకున్నాడు.

"చూశావా అంకమ్మా, వీళ్ళ నిర్వాకం? ఇదివరకు కుడికి లాగేది. బాగుచేశాక ఎడమకి లాగుతోంది. ఇప్పుడు నాకు వెనక సీట్లో, కుడిపక్కన బరువు కావాలి. నువ్వు రాకపోతే పొలం వెళ్ళలేను."

అంకమ్మ బండి వంకా, ఆయన వంకా చూసింది. తర్వాత వెనక కుడిపక్కన కూర్చున్న నన్ను చూసింది.

"బాగున్నదాన్ని ఎందుకు కెలికారు బాబూ? దిగండి."

నేను దిగి ముందు తలుపు తీయబోయాను.

"అక్కడా వద్దండి. ఎడమపక్క బరువెక్కితే మళ్ళీ లాగుద్ది. మీరు బస్సులో రండి."

మావయ్య ఎంతో విచారంగా మొహం పెట్టి, "ఆవిడ చెప్పింది నిజమేరా," అన్నాడు. అంకమ్మ తట్ట పక్కన పెట్టుకుని వెనక సీట్లో దర్జాగా కూర్చుంది. మావయ్య డ్రైవర్‌లా వంగి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"ఇంకెప్పుడూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళకండి బాబూ, నేనున్నాగా," అంది అంకమ్మ కిటికీలోంచి.

నిక్షేపంలాంటి కారు తాగినవాడిలా వంకర్లు పోతూ గూడూరు వైపు వెళ్ళింది. నేను నవ్వుకుంటూ బస్టాండుకి నడిచాను.