చెంచాడు రుచి

మా ఆయన హోటల్లో వంటమాస్టరు. ఇరవై రెండేళ్లుగా తీపీ పులుపూ కలిపిన పంది మాంసం వండడమే ఆయన పని. జనం దానికోసమే ఆ హోటలుకు వస్తారని మీసం మెలేస్తారు. ఇంట్లో మాత్రం పొయ్యి వైపు తొంగి చూసిన పాపాన పోలేదు.

మూడు నెలల కిందట ఆయన కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరు తగ్గకపోతే వేలు తీసెయ్యాలని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. రోజంతా నిలబడి చేసే పని, కాలు పాడైతే ఆ పనీ పోయినట్టే. ఆ రోజు నుంచి ఇంట్లో తీపి బంద్. ఆయన తిననిది నాకెలా దిగుతుందని నేనూ చప్పిడి కూడే తిన్నాను. పొద్దంతా ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, చేతులు పడిపోయి ఇంటికొచ్చి, మళ్లీ ఈ పత్యం వంట. అయినా నిన్న పరీక్షలో షుగరు పెరిగింది. "ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరు నన్నే అడిగాడు. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఇవాళ ఆయనకు సెలవు. "నోరు చచ్చిపోయిందే, నా కూర నాకొక్కసారి చేసిపెట్టు" అన్నారు. సరేనని సాయంత్రం మొదలుపెట్టాను. కొవ్వంతా కోసి పారేసి, పిండిలో ముంచి వేయించే గోల లేకుండా, ముక్కల్ని రెండు చెంచాల నూనెలోనే మగ్గబెట్టాను. ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటా గుజ్జు, వెనిగరు. చక్కెరకు బదులు నాలుగు అనాస ముక్కలు. ఆయన పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని, కాలు పీట మీద పెట్టుకుని, ప్రతిదానికీ వంక పెడుతున్నారు.

"మంట పెంచవే. ఇది కూరా, కషాయమా?"

"మీరు నోరు మూసుకుని కూర్చుంటే అదే పదివేలు."

ఊరుకుంటారా? చెంచా సాసులో ముంచి నాకారు. కాస్త వెనిగరు పోసి మళ్లీ నాకారు. ఉప్పు వేసి మళ్లీ. అనాస ముక్క చిదిమి మళ్లీ. చెయ్యి దానంతటదే పోతోంది. చూస్తూ చూస్తూ నేను గరిటె తిప్పడం ఆపేశాను.

"హోటల్లోనూ ఇలాగే చూస్తారా?"

"చూడకుండా వడ్డిస్తే నా పరువేం కాను? ప్రతి వాయికీ చూస్తా."

"రోజుకెన్ని వాయిలు?"

"అరవై. ఆదివారమైతే ఇంకో ఇరవై..." అంటూనే ఆయన ముఖం పాలిపోయింది. ఒక్కో వాయిలో ఎంత చక్కెర పడుతుందో ఆయనకంటే ఎవరికి తెలుసు?

పొయ్యి ఆర్పేసి నేలమీద కూలబడ్డాను. మూడు నెలలుగా నా చేతివంటనే అనుమానించుకున్నాను. తిట్టడానిక్కూడా ఓపిక లేదు.

"అది తినడం కిందికి వస్తుందనుకోలేదే" అన్నారు మెల్లగా. "నాలుక పక్కన పెట్టేస్తే ఇక నేనేం వంటవాణ్ణి?"

"కాలు పోతే ఏం వంటవాళ్లు?" అన్నాను.

ఆయన కుంటుకుంటూ లేచి పొయ్యి వెలిగించారు. చిటికెడు ఉప్పు, రెండు చుక్కల వెనిగరు వేసి కలిపారు. అలవాటుగా చెంచా నోటిదాకా వెళ్లింది. అక్కడే ఆగింది. దాన్ని నావైపు తిప్పి పట్టుకున్నారు.

"నువ్వు చూడవే. సరిపోయిందా?"

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఉప్పు కాస్త తక్కువైంది. ఆ సంగతే చెప్పాను. తలూపి, ఇంకో చిటికెడు వేశారు.