కళ్ళజోడు తీసి చూసిన తోకచుక్క

మా పెద్దనాయనతో జన్మకు ఒక్క అబద్ధమాడాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాసుకోలేదు. తోకచుక్కను చూడకుండానే దాని వెలుగు ఇంత అని ఒక అంకె చెప్పాను.

చిక్కబళ్ళాపురం హైస్కూలులో ఎన్నో ఏళ్ళు సైన్సు చెప్పిన మా పెద్దనాయన నరసప్ప మేష్ట్రుగారు ఈ కార్తీకంలో చింతామణిలోని మా ఇంట్లో కన్నుమూశారు. కబురు తెలిసి బాగేపల్లి నుంచి, సాదలి నుంచి శిష్యులు పరుగున వచ్చారు. వాళ్ళు ఏడుస్తుంటే నేను తలుపు వెనక దాక్కున్నాను. నాకు దుఃఖం కన్నా ముందు భయమే కలిగిందని ఒప్పుకుంటాను.

స్వరాజ్యం వచ్చాక ఇది రెండో కార్తీకం. ఎక్కడో గ్రహణం పట్టిన దేశంలో, పగటి చీకట్లో, సూర్యుడి పక్కనే ఒక తోకచుక్క కనబడిందని పేపరులో చదివి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొన్నాళ్ళకే అది మాకూ తెల్లవారుజామున తూర్పున కనబడసాగింది.

దాని వెలుగు కొలవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. నక్షత్రం సూదిమొనలా ఉంటుంది, తోకచుక్క దూదిపింజలా ఉంటుంది. రెండింటినీ పోల్చడం ఎలా? దూరపు చూపు ఆననివాళ్ళు కళ్ళజోడు తీసేస్తే ప్రతి నక్షత్రమూ దూదిపింజే. అప్పుడు తోకచుక్క ఏ నక్షత్రానికి సరితూగుతుందో చూసి అంకె వేయవచ్చు. వెలుగు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. పెళ్ళిచూపులప్పుడు దాచేయమని ఇంట్లో అందరూ చెప్పే నా కళ్ళజోడును మెచ్చుకున్నది ఆయనొక్కరే. "వీధిలో ఇంతమంది ఉండారు, ఈ పని మనిద్దరికే అయ్యేది. మంచి కండ్లున్నోళ్ళు దీనికి పనికిరారమ్మా" అని నవ్వేవారు.

ఒకనాడు పట్టుపురుగులు పెంచే సాదలి రైతు, ఆయన పాత శిష్యుడే, వచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"సామీ, దాని విషగాలి తగిలి మా రేష్మె పురుగులు సచ్చిపోతాండాయి. ఊరంతా అదే మాట."

"ఆకు తడిగా ఏసినావా?"

"వాన పడె కదా సామీ, ఏం చేసేది?"

"నువ్వు తడాకు పెట్టి, పైన పోయేదాన్ని తిడతావేమిరా? రా, ఆ గాలి యాడుండాదో చూపిస్తా."

వంటింట్లో పంపు స్టవ్వు వెలిగించి, లోపల పట్టకం అమర్చిన చిన్న ఇత్తడి గొట్టాన్ని అతని కంటికి పెట్టారు. నీలిమంటలో రంగు పట్టీలు విడివిడిగా కనబడ్డాయి. అదే గొట్టాన్ని ఆయన దూరదర్శినికి తగిలించి చూస్తే తోకచుక్కలోనూ అవే పట్టీలు లీలగా ఉంటాయి. రెండుచోట్లా వెలిగేది బొగ్గుకు సంబంధించిన వాయువే.

"విషమైతే మీ మేష్ట్రమ్మ దినామూ దానిమీదే వండుతాండాది కదరా!"

చిటికెడు ఉప్పు మంటలో చల్లారు. పసుపు గీత తళుక్కుమంది. సూర్యుడికి మరీ దగ్గరగా పోయిన తోకచుక్కలో ఆ గీత కూడా కనబడుతుందని చెప్పారు.

"తోకచుక్క సంగతేమో గానీ, నా ఉప్పు నాకు మిగల్నీండి" అంది పెద్దమ్మ. రైతు నవ్వుతూ వెళ్ళాడు. నేనూ నవ్వాను. తోకచుక్క అంటే నా భయం మాత్రం పోలేదు.

ఆ వారమే ఆయనకు జ్వరం, ఆయాసం వచ్చాయి. మంచం దిగకూడదన్నారు డాక్టరు. "నువ్వు చూసి చెప్పు, నేను రాస్తా. కనబడితే అంకె చెప్పు, కనబడకుంటే లేదని చెప్పు. అంతే" అన్నారు. మూడు దినాలు నిజమే చెప్పాను. మూడోనాడు బావి దగ్గర ఎవరో, "చదువుకున్నోళ్ళను తీసుకపోయేకే వచ్చుండాది అది" అనడం విన్నాను. ఆ సాయంత్రం పెద్దమ్మ నా చేయి పట్టుకుని, "చూడొద్దు తల్లీ. చూసేకొద్దీ దగ్గరికొస్తాది" అంది.

మరునాడు తల వంచుకునే మిద్దె ఎక్కి, గట్టిగా కళ్ళు మూసుకుని, వంద లెక్కపెట్టి దిగివచ్చాను.

"ఎంతమ్మా?"

ముందురోజు రెండు. "రెండున్నర" అన్నాను.

ఆయన నావంక, ఆపైన కిటికీ వంక చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆ మరునాడు తెల్లవారేసరికి ఆయన లేరు.

ఆ కొలతలు వేధశాలకు పంపాలన్నది ఆయన కోరిక. పదోనాడు పెద్దమ్మ పుస్తకం నా చేతిలో పెట్టి, "పోస్టు చేయమ్మా" అంది. తెరవలేకపోయాను. జీవితమంతా నిజమే రాసిన మనిషి దస్తూరీలో, చివరి వరుసలో నా అబద్ధం ఉంటుంది. ఆయన పేరుతోనే అది లోకానికి పోతుంది. చివరికి తెరిచాను. ఆ దినం ఎదుట అంకె లేదు. "మోడం. కొలత లేదు" అని ఉంది. ఆ తెల్లవారుజామున మబ్బు పట్టి ఉందన్నమాట.

ఆయన మంచం దగ్గరి కిటికీలోంచి, ఎదురింటి గోడకు పైన, కాస్త ఆకాశం కనబడుతుంది. తోకచుక్క ఆ గోడ చాటున ఉండేది. మబ్బు మాత్రం కనబడి ఉంటుంది. కళ్ళు తెరిచి ఉంటే నాకూ కనబడేది.

ఈ ఉదయం మిద్దె ఎక్కి, కళ్ళజోడు తీసి చూశాను. దూదిపింజ బాగా వెలిసిపోయింది. నాలుగు. ఆయన పుస్తకంలోనే రాసి, పక్కన "భయమైంది" అని కూడా చేర్చాను. చింతామణిలో కళ్ళజోడు తీసి ఆకాశం చూసేవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. నా అంకెను మబ్బుతో సరిచూసేవారు ఇక లేరు.

ఆ చివరి సాయంత్రం కషాయం గ్లాసు అందుకుంటూ ఆయన నాతో అన్న మాటకు అర్థం నిన్నటి దాకా తెలియలేదు. నాతో ఆయన ఆఖరుగా మాట్లాడింది అదే.

"రేపు కండ్లు తెరుచుకొని చూడు తల్లీ. భయమైతే భయమైందని చెప్పు. అది కూడా రాసుకుంటాను."