నాయిన గిటారు, అమ్మ మొక్కు

మొన్న బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ముందు నిలబడి ఉంటే, కరిగిన సీసం వాసన గుప్పున ముక్కుకు తగిలి గోడ పట్టుకుని ఆగిపోయాను. దుకాణదారు కంగారుపడి స్టూలు జరిపాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషిని, సీసం వాసనకు భయపడతానంటే నవ్వడూ! ఆ వాసన వస్తే చాలు, నేను తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను, జ్వరం తిరగబెడుతుందేమోనని నుదురు తడుముకుంటాను.

మెదక్‌లో మా ఇల్లు చర్చి వెనక టీచర్ల క్వార్టర్లలో ఉండేది. నాయిన బడిలో లెక్కల సారు. ఆ యేడు ఎండాకాలంలో, తన దేశానికి వెళ్లిపోతూ ఒక దొరసాని తన హవాయి గిటారును నాయినకు ఇచ్చింది. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనప కడ్డీ జరుపుతూ వాయించే రకం. చెక్క పగిలి, తీగలు తుప్పుపట్టి, కడుపులో ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్న ఆ గిటారును చూసి అమ్మ ముక్కు మూసుకుంటే, నాయిన మాత్రం బంగారం దొరికినట్టు పొంగిపోయాడు. బడి నుంచి రావడం, చొక్కా విప్పడం, గిటారు ముందు కూర్చోవడం. జిగురు ఉడికే కంపు, గరుకు కాగితం రాపిడి, మామిడికాయ ముక్కలు ఆరేసిన చాప మీద చెక్కపొట్టు, అమ్మ సణుగుడు. ఆ ఎండాకాలమంతా ఇదే.

వానలు పడగానే నన్ను టైఫాయిడ్ పట్టుకుంది. దవాఖానలో ఫినాయిలు వాసన, బార్లీ నీళ్లు, తల మీద తడిగుడ్డ, మంచం పక్కన మోకరించిన అమ్మ. అందరూ ఆశ వదులుకున్న ఒక మధ్యాహ్నం ఆమె గొంతు నాకు స్పష్టంగా వినబడింది: "ప్రభువా, నా బిడ్డను బతికియ్యి. కోత పండుగ నాడు మొక్కు తీరుస్త."

మొక్కులు మనకు వద్దని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పినప్పుడల్లా అమ్మ బుద్ధిగా తలూపేది. కానీ ఏడుపాయల దుర్గమ్మకు మొక్కుకునే పక్కింటి సుశీలమ్మతో ఆమెకు ప్రాణస్నేహం, ఆ అలవాటు అట్లా అంటుకుంది. నేను కోలుకుని ఇంటికి వచ్చాక ఏం మొక్కావని అడిగితే, తీర్చకముందే బయటపెడితే మొక్కు చెడుతుందని నా నోరు మూసింది. తీర్చకపోతే ఏమవుతుందో సుశీలమ్మ చెప్పింది. జ్వరం తిరగబెడుతుందట, తిరగబెట్టిన జ్వరం మనిషిని విడిచిపెట్టదట.

మా ఇంట్లో దేవుడికి ఇవ్వదగ్గది ఏముంది? నాకు గిటారు తప్ప మరేదీ తోచలేదు. అమ్మ దాన్నే మొక్కిందని రూఢి చేసుకున్నాను. ఇస్తే నాయిన ఏమైపోతాడో, ఇవ్వకపోతే నేనేమైపోతానో!

ఇదేమీ తెలియని నాయిన గిటారుకు సోకులు చేస్తూనే ఉన్నాడు. అయస్కాంతానికి రాగితీగ చుట్టి, సీసంతో అతికి, రేడియోకు కలిపితే ఇల్లంతా మోగింది. తర్వాత ఏదో విదేశీ పత్రికలో కాళ్లూ పెడల్లూ ఉన్న గిటారు బొమ్మ చూశాడు. ఇంకేముంది, అమ్మను బతిమాలి ఆమె కుట్టుమిషన్ స్టాండు లాక్కుని, గిటారును దాని మీద బిగించి, సైకిలు బ్రేకు తీగలతో తొక్కుడుపలకను తీగలకు కలిపాడు. కాలితో నొక్కితే, ఏడుపు ఆపుకుంటున్న పసిపిల్ల గొంతులా స్వరం మెల్లగా జారేది. నాయిన కళ్లు మూసుకుని మురిసిపోయేవాడు. అది ఎంత బాగా మోగితే నాకు అంత భయం. అన్నం సహించేది కాదు. ఒళ్లు కాస్త వెచ్చబడినా అయిపోయిందనుకునేదాన్ని.

కోత పండుగ రానే వచ్చింది. హవేలిఘనపూర్ రైతులు తెచ్చిన కొత్త వరికంకులు, గుమ్మడికాయలు, చెరుకుగడలు, బెల్లపు ముద్దలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అన్నీ చర్చిలో వేదిక ముందు కుప్పపడ్డాయి. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు. దేవుడి ముందు పెట్టినదాన్ని, బదులు మరొకటి పెడితే తప్ప, వెనక్కి తీసుకోకూడదు. పాటలకు వాయించడానికి నాయిన స్టాండుతో సహా గిటారు తెచ్చాడు. జనమంతా మెడలు చాచి విన్నారు. నేను మాత్రం అమ్మ చేతుల వంకే చూస్తున్నాను.

హర్రాజు మొదలవుతుండగా అమ్మ లేచింది. గిటారు దగ్గరికి పోతుందనుకుంటే, నా రెక్క పట్టుకుని నడిపించుకుపోయి, గుమ్మడికాయల పక్కన నన్ను నిలబెట్టి, వెనక్కి చూడకుండా పోయి కూర్చుంది. ఆమె మొక్కింది నన్నే!

హర్రాజు పాడే సంఘ పెద్ద తెల్లబోయి, "ఈ పిల్ల ఎవరిది?" అని అడిగాడు. ముందు వరసలో శివ్వంపేట నుంచి వచ్చిన మీసాలాయన నావైపే చూస్తున్నాడు. ఆయన నన్ను పాడుకుని ఎడ్లబండిలో వేసుకుపోతాడని, ఇక అమ్మానాయినా కనబడరని నాకు అనిపించింది. పక్కనున్న గుమ్మడికాయ తొడిమను గట్టిగా పట్టుకున్నాను.

నాయిన లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ."

ఎవరో నవ్వారు. సంఘ పెద్ద కూడా ఊపిరి పీల్చుకుని, "ఒక కోడిని పెట్టి తీస్కపోండ్రి సారూ, అయిపాయె" అన్నాడు. నాయిన కోళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కోడి సరిపోదు" అని, గిటారును స్టాండుతో సహా ఈడ్చుకొచ్చి నేను నిలబడ్డచోట పెట్టి, నన్ను చంకనెత్తుకున్నాడు. అంత పిల్లను చంకనెత్తుకున్నందుకు మళ్లీ నవ్వారు. ఆయన చెమట వాసనలో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చాను.

గిటారును శివ్వంపేట ఆయనే పాడుకున్నాడు. నాయిన మళ్లీ ఏ వాయిద్యమూ ముట్టలేదు. స్టాండు కూడా పోవడంతో, అమ్మ చాలాకాలం మా బట్టలు చేత్తోనే కుట్టింది. దాని గురించి ఒక్కనాడూ సణగలేదు.

ఇప్పుడూ కోత పండుగ జరుగుతుంది. కోళ్లు లేవు, చెరుకుగడలు లేవు, కానుకలన్నీ కవర్లలోనే. ఈసారి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే, వేదిక వంక చూస్తూ చూస్తూ నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. నన్నిప్పుడు అక్కడ నిలబెట్టి ఎవరి పిల్ల అని అడిగితే, లేచి నిలబడేవాళ్లు లేరు.