తేదీ లేని గడి

ఈ రోజు పొద్దున మా చంద్రగిరి గ్రంథాలయం బోర్డు మీద ఆగస్టు నెల చరిత్ర రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే అంటగట్టారు. 9న క్విట్ ఇండియా, 15న స్వాతంత్ర్యం, 22న చెన్నపట్నం స్థలం ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయిన రోజు. ఆ కాగితం రాసిచ్చింది మా కోటలోనే అంటారు కాబట్టి ఆ వరుస మాత్రం కొంచెం చిన్న అక్షరాలతో రాశాను.

అంతలో నాతో బళ్లో చదువుకున్న మునిరత్నం వచ్చాడు. వాళ్ల తాత ఇంగ్లీషు వాళ్ల జైల్లో దెబ్బలు తిని, ఇంటికొచ్చి చనిపోయాడు. ఆయన పేరు కూడా రాయమన్నాడు.

"తేదీ ఎంతప్పా?"

"శ్రావణ బహుళ పంచమి. ఏటా ఆ పొద్దే తద్దినం పెడతాము."

"ఏ సంవత్సరం?"

"యాడ తెలుసు? మా నాయన అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడంట. ఆయన పుట్టిన ఏడే ఎవురికీ తెలీదు."

ఏడాది తెలియకపోతే తేదీ తేలదు. పేరు రాసి, పక్కన తేదీ గడి ఖాళీగా ఉంటే బాగుండదని 15 అని రాసేశాను. మునిరత్నం ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"ఆ పొద్దు ఊరంతా మిఠాయి పంచుతారు గదబ్బా. మా తాత కోసం ఆ పొద్దే ఏడ్సమంటావా?"

15 చెరిపేసి, పేరు మాత్రం ఉంచాను. స్థలం రాసిచ్చిన రోజుకు తేదీ ఉంది, దేశాన్ని తిరిగి అడిగిన మనిషికి లేదు.

సాయంత్రానికి ముగ్గురు నన్ను ఆపి, ఒక తేదీ రాయడం మరిచిపోయావని చెప్పారు. మీ ఇంట్లో కూడా తిథి మాత్రమే మిగిలిన మనిషి ఉంటే పేరు చెప్పండి. బోర్డు మీద ఇంకా చోటుంది.