ముప్పై సెంట్ల వజ్రానికి గిద్దలూరు ప్రయాణం

పొద్దున ఏడూ ఇరవైకి మార్కాపురం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కాం. నా సంచిలో ఉన్నవి: పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్, ఫోను ఛార్జరు, రెండు నీళ్ల సీసాలు, వజ్రం కొనేముందు సరిచూడవలసిన పన్నెండు అంశాలు రాసుకున్న ఒక కాగితం, ఒక నమూనా సర్టిఫికెట్టు. చిన్నమ్మ దగ్గర ఉన్నది ఒక్క గుడ్డసంచి. దాన్ని రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చుంది. టికెట్టు మనిషికి పదిహేను రూపాయలు.

నేను డిప్లొమా చదివి మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో మందాలు కొలిచే పని చేస్తున్నాను. మా అమ్మ చెల్లెలైన ఈ చిన్నమ్మ పెద్దారవీడులో గొర్రెలు మేపుతుంది. ఈ ప్రయాణానికి నాలుగేళ్ల ముందు కనిగిరిలో ఒక తిరుగుడు వ్యాపారి దగ్గర వజ్రమని నమ్మి ముక్కుపుడక కొన్నది. అతను బంగారు అంచున్న కార్డు కూడా ఇచ్చాడు. మూడు నెలలకు రాయి మసకబారింది, కార్డు మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. అప్పటినుంచి ఆమె తోటికోడలు కనిపించినప్పుడల్లా, "అక్కా, కార్డు బాగుందా?" అని అడుగుతుంది. రాష్ట్రం విడిపోయిన మరుసటేడు రెండేళ్ల పొట్టేళ్లు మంచి ధరకు పోయాయి. తనకోసమని చిన్నమ్మ ఒక్క వస్తువు కొనుక్కోదలచింది. "ఈసారీ గాజే అయితే ఆ ఊర్లో తలెత్తుకోలేనురా" అని నన్ను తోడు తీసుకుంది.

వజ్రం కొనబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దుకాణం అచ్చువేసి ఇచ్చే కార్డు వేరు, బయటి లాబు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్టు వేరు. రెండోదే అడగాలి. తర్లుపాడు దాటేలోపు నమూనా సర్టిఫికెట్టు తీసి చిన్నమ్మకు చెప్పడం మొదలుపెట్టాను. బరువు కారెట్లలో ఉంటుంది, కారెట్టులో నూరో వంతు సెంటు. మనం కొనబోయేది ముప్పై సెంట్లు.

ఎదురుగా కూర్చున్న దొనకొండ ఆవిడ చెవి ఇటే వేసి ఉంది. "ముప్పై సెంట్లా? ఏడమ్మా, అమరావతిలోనా?" అంది.

"ముక్కులోకమ్మా" అంది చిన్నమ్మ.

ఆవిడా, వెంట ఉన్న ఇంకో నలుగురూ తొలకరి వాన పడిందని గాజులపల్లె వాగుల్లో వజ్రాలు వెతకడానికి పోతున్నారు. సద్దిమూటలు, గొడుగులు, చిన్న పారలు ఉన్నాయి. "మీరు కొనేదానికి పోతుండారా? మేం ఏరుకునేదానికి పోతుండాం. మాకైతే కాగితాల్తో పని లేదు" అని నవ్వింది.

రంగు దగ్గరకు వచ్చాను. అన్నిటికన్నా తెల్లనిది డి, అక్కడినుంచి జెడ్ దాకా పసుపుజీర పెరుగుతుంది.

"డి అంటే బళ్లో తప్పినట్ల గదరా?" అంది చిన్నమ్మ.

"ఇక్కడ అదే ఫస్టు. మనకు జి చాలు, బంగారంలో పొదిగితే తేడా కనపడదు."

తరువాత స్వచ్ఛత. లోపల చుక్కలు, చీలికలు ఏ పాటివో పది రెట్ల అద్దంతో చూసి రాస్తారు. వీఎస్ అని ఉంటే మామూలు కంటికి ఏమీ కనపడవు. కోత అన్నిటికన్నా ముఖ్యం, మెరుపు దానిదే. చివర వ్యాఖ్యల గడి ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. రాయికి పగులు పూడ్చడం, రంగు మార్చడం వంటి వైద్యం ఏదైనా చేసి ఉంటే అక్కడ రాస్తారు. సహజమైనదా, లాబులో పెంచినదా అన్నది కూడా చూసుకోవాలి. ధర మాత్రం ఏ లాబూ రాయదు. నేనూ ఇక్కడ రాయను, నెలకొక రకంగా ఉంటుంది.

చిన్నమ్మ అంతా విని, "పళ్లు, వయసు, ఎత్తు, బరువు. గొర్రెకు రాసినట్లే రాసినారు" అంది.

ఎనిమిదీ యాభైకి గిద్దలూరులో దిగాం. దొనకొండ ఆవిడ కిటికీలోంచి, "సాయంత్రం కనపడితే చూపియ్యి వదినా!" అని అరిచింది. బస్టాండు దగ్గర రెండు ప్లేట్ల పూరీ, రెండు టీలు, మొత్తం డెబ్బై. పూరీ బాగుంది, కూర పలుచన.

పదికి మేం ముందే మాట్లాడుకున్న నగల దుకాణం తెరిచారు. యజమాని శెట్టిగారు మా కోసం ప్రొద్దుటూరు నుంచి రెండు రాళ్లు తెప్పించి పెట్టారు. రెండూ విడి రాళ్లు. పొదిగిన రాయిని సరిగ్గా తూచలేం, కొలవలేం కాబట్టి విడిగా చూసి కొనడమే మేలు. ఒకటి ముప్పై సెంట్లు, జి, వీఎస్ రెండు. రెండోది ముప్పై ఒకటి, కానీ రంగు ఐ, లోపల చిన్న నలుసు, ధర తక్కువ. ఒక్కొక్కటి ఒక్కొక్క కాగితం పొట్లంలో, పక్కన దాని సర్టిఫికెట్టు. నేను చిమటా అనే సన్న పట్టకారుతో రెండూ పళ్లెంలో పెట్టి, అద్దంతో చూసి, నా జాబితాలో టిక్కులు కొడుతూ పోయాను. పన్నెండో అంశం: సర్టిఫికెట్టు నంబరును లాబు వెబ్‌సైటులో సరిచూడడం. లోపల సిగ్నలు లేదు. ఉన్నట్టుండి ఫోనులో రెండు గీతలు కనపడితే, రాళ్లను పొట్లాల్లో పెట్టేసి గుమ్మంలోకి పరుగెత్తాను. నంబరు కొట్టాను. బరువు, రంగు, కొలతలు అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి.

"పన్నెండుకి పన్నెండు, చిన్నమ్మా. మొదటిదే తీసుకుందాం."

చిన్నమ్మ సంచి ముడి విప్పలేదు. "కాగితం మంచిదేరా. ఈ కాగితం ఈ రాయిదేనా?"

"నంబరు చూసినాను గదా!"

"కాగితం మీద చూసినావు. మీ చిన్నాయన ఇన్సూరెన్సు చేయించినప్పుడు గొర్రెల చెవులకు నంబరు బిళ్లలు వేసినారు. పొద్దుగూకుతుందని తొందరపడి దీని బిళ్ల దానికి కొట్టినారు. తర్వాత ఒక గొర్రె చచ్చిపోతే డాక్టరొచ్చి, కాగితం సరిగ్గానే ఉందమ్మా, చెవి సరిగ్గా లేదన్నాడు. పైసా రాలా. శెట్టన్నా, ఈ రాయికి చెవి యాడుండాది?"

శెట్టిగారు నవ్వారు. "ఉందక్కా. నడుము చుట్టూ అంచు మీద లేజరుతో నంబరు చెక్కినారు. అద్దంలో తిప్పి చూస్తే కనపడుతుంది."

"అంకెలు నాకొస్తాయి. ఇట్ల తే."

చిన్నమ్మకు ఇంగ్లీషు అక్షరం రాదు, కానీ చెవిబిళ్లలు చూసీ చూసీ అంకెలన్నీ వచ్చు. శెట్టిగారు లైటు దగ్గరకు జరిపి రాయిని చిమటాతో నెమ్మదిగా తిప్పారు. ఆమె అద్దాన్ని కంటికి ఆనించి చాలాసేపు చూసింది. నేను సర్టిఫికెట్టు పట్టుకుని నిలబడ్డాను. అందులో నంబరు చివరి రెండంకెలు ఒకటి, రెండు.

"నాలుగు" అంది. "ఏడు."

వెర్నియర్ తీసి అడ్డం కొలిచాను. నాలుగూ ముప్పై మిల్లీమీటర్లు ఉండవలసింది నాలుగూ ముప్పై ఆరు వచ్చింది. నా చేతిలో ఉన్నది తక్కువరకం రాయి.

శెట్టిగారి ముఖం పాలిపోయింది. "అక్కా, దేవుడి తోడు, పొట్లాలు ఎట్ల మారినాయో నాకు తెలీదు..."

నాకు తెలుసు. సిగ్నలు వచ్చిందని పరుగెత్తినప్పుడు పెట్టింది నేనే. పలకలను సగం మిల్లీమీటరు తేడాకు పక్కన పెట్టే మనిషిని. ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. "మార్చింది నేనండీ" అన్నాను.

చిన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "శెట్టన్నా, ఏమనుకోవద్దు. మావోడు చదువుకున్నోడు, చేతులు చూసుకోడు."

శెట్టిగారు పగలబడి నవ్వి టీలు తెప్పించారు. రెండో పొట్లం విప్పితే ఒకటీ రెండూ కనపడ్డాయి. అప్పుడు చిన్నమ్మ డబ్బు సంచి ముడి విప్పింది.

పక్క సందులో మస్తాన్ భాయ్ రాళ్లు పొదుగుతారు. మా వైపు నగ చేయించుకునేవాళ్లు పనివాడి ఎదుటే కూర్చుంటారు. మేమూ పదకొండున్నర నుంచి రెండు దాకా కూర్చున్నాం. "భాయ్, నంబరు మీద రాయిని పట్టే కొక్కెం పడకూడదు" అని నేను రెండుసార్లు చెప్పాను.

"ఫికర్ మత్ కరో తమ్ముడూ. మీ చిన్నమ్మ రెప్ప కొట్టకుండా చూస్తాంది, యాడ తప్పు చేసేది?" అన్నాడాయన.

భోజనం రెండు ప్లేట్లు నూట ఇరవై. గోంగూర రెండోసారి అడిగితే వేశారు.

నాలుగూ పదికి తిరుగు బండి. గాజులపల్లె బృందం అందులోనే ఉంది, మోకాళ్ల దాకా మట్టితో. దొనకొండ ఆవిడ కొంగు ముడిలోంచి మెరిసే రాయి తీసి నాకిచ్చింది. అద్దంతో చూశాను. "పలుగురాయిలా ఉందక్కా. లాబుకు పంపితేనే ఖాయంగా చెప్పగలం."

"కాగితం లేకుంటే నోరు పెగలదా ఏంది నీకు? పోనీలే, రేపు మళ్లా పోతాం" అని ముడి వేసుకుంది.

ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది జాబితాలో పదమూడో అంశంగా రాసి, తరువాత కొట్టేసి మొదటి అంశంగా రాశాను: ముందు రాయి మీది నంబరు చదవండి, ఆ తరువాతే కాగితం.

కంభంలో క్రాసింగు కోసం బండి ఇరవై నిమిషాలు ఆగింది. చిన్నమ్మ సర్టిఫికెట్టు తన చేతిలోకి తీసుకుని, "చూడు, ఇంకోసారి" అంది. నేను భూతద్దంతో ఆమె ముక్కు మీదికి వంగాను. పెట్టె అంతా నవ్వు. నేను ఒక్కో అంకె చదువుతుంటే ఆమె వేలు కాగితం మీద ఒక్కో అంకె దాటింది. ఒకటి. రెండు. వేలు ఆగింది.

కాగితం మడిచి రవికలో దోపుకుంది. "ఇప్పుడు అడగమను నా తోటికోడల్ని," అంది, "కార్డు బాగుందా అని."